అంశానికి ఇరవై సెకన్లు

యాభై నాలుగు అంశాలు. పద్దెనిమిది నిమిషాలు. మున్సిపల్ ఆఫీసు వరండాలో కిటికీ పక్కన నిలబడి లెక్కగట్టాను. అంశానికి ఇరవై సెకన్లు. నేను ఒక్క ఉల్లిపాయల బస్తా కొనాలన్నా మూతి విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి, కుళ్లు వాసన చూశాక గానీ బేరమాడను. మా కౌన్సిల్ మాత్రం ఇరవై సెకన్లలో కూరగాయల మార్కెట్‌ను పడగొట్టి, ఆ జాగాను కాంప్లెక్స్ కట్టే కాంట్రాక్టరుకు ముప్పై మూడేళ్ల లీజుకు ఇవ్వాలని తీర్మానించింది.

ఆ అంశం ముందుగా పంచిన ఎజెండాలో లేదు. సమావేశం మొదలయ్యాక బల్ల మీద పెట్టారు. మా వార్డు కౌన్సిలర్ అంజమ్మ లేచింది. మార్కెట్లో వంకాయలు అమ్మే మనిషి. మేమే గెలిపించుకున్నాం.

"ఛైర్మన్‌గారూ, రెండొందల డెబ్బై కుటుంబాలండీ..."

"రెండు నిమిషాలేనమ్మా."

కాగితంలో మొదటి వాక్యం కూడబలుక్కుని చదివేసరికే, రెండు నిమిషాలు కాకుండానే, గంట కొట్టారు. మైకు ఆగింది. "ఆమోదం, ఆమోదం" అంటూ బల్లలు చరిచారు.

మర్నాడు సరుకు దింపకుండానే మార్కెట్లో చేరాం.

"ఏమే, ఓటేసి పంపింది నోరు మూసుకు రమ్మనా?" ఆకుకూరల ధనమ్మ విరుచుకుపడింది.

"నేనేడ మూసుకున్నా పిన్నీ? మైకు కట్ చేశారు."

"మైకంట! నువ్వు వంకాయలని కేకేస్తే బస్టాండులో డ్రైవర్లు లేస్తారు. నీకు మైకేందే?"

అందరూ నవ్వారు. నిమ్మకాయల నూర్ మొహమ్మద్ మాత్రం నా వైపు తిరిగాడు. "మీకేం శెట్టిగారూ! కాంప్లెక్స్‌లో షాపు ఇస్తామన్నారంటగా."

అన్నారు. నేనూ సరేననే అనుకున్నాను. కానీ రేపు ఆ షాపు నుంచి నన్ను గెంటే అంశం కూడా ఇరవై సెకన్లలోనే పోతుంది. మార్కెట్టే చెదిరిపోయాక లేచి అడగడానికి అప్పుడు అంజమ్మ కూడా ఉండదు. ఆ మాటే పైకి చెప్పాను.

"అంజమ్మా, నువ్వు చెప్పాల్సింది ఎంతసేపు?" అన్నాడు నూర్ మొహమ్మద్.

"గంట పట్టుద్దన్నా."

"అయితే తలా కాస్త పంచు."

పై నెల సమావేశంలో కాంప్లెక్స్ టెండరు ఆమోదం. అంజమ్మ లేచింది. రెండు నిమిషాలు కాగానే మైకు ఆపారు. ఆమె ఆపిన మాట దగ్గర కిటికీలోంచి ధనమ్మ అందుకుంది: "మమ్మల్ని పొమ్మన్న చోటు ఊరికి నాలుగు కిలోమీటర్లు! నీళ్ల కుళాయి లేదు! ఆడోళ్లకు మరుగుదొడ్డి లేదు!"

ఛైర్మన్ మైకులో ఏదో అన్నాడు. సంతలో అరిచి రాటుదేలిన గొంతు ముందు అది ఎవరికీ వినపడలేదు. పోలీసులు ధనమ్మను ఈడ్చారు. ఆమె వదిలిన చోట నూర్ మొహమ్మద్ ఎత్తుకున్నాడు. అతణ్నీ ఈడ్చారు. మూడో మనిషి. నాలుగో మనిషి. ఏడో వంతు నాది.

"ఆ లీజు కాగితం మీలో ఎంతమంది చదివారు? చదివినోళ్లు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

సీఐ నా రెట్ట పట్టుకున్నాడు. "వ్యాపారం చేసుకునే మనిషివి, నీకెందుకయ్యా? ఇంకెంతసేపు ఈ గోల?"

"రెండొందల డెబ్బై మందిమి సార్. మనిషికి రెండు నిమిషాలు. తొమ్మిది గంటలు. ఈ ఒక్క అంశానికే."

వ్యాను ఎక్కించి తలుపేశారు. కిటికీ దగ్గర ఎనిమిదో గొంతు అప్పటికే మొదలైంది.