తూర్పు హద్దు

ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వడం కుదరదని రాసిన ఉత్తరం చేతిలో ఉండగానే రత్నమాణిక్యం చూపు పక్కింటి మేడ మీదికి పోయింది. అక్కడ జగన్నాథరావు మాస్టారు పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. పోస్ట్‌మ్యాన్ వీధి మలుపు తిరిగేదాకా ఇటే చూసి, ఈమె తలెత్తగానే చటుక్కున గదిలోకి తప్పుకున్నారు.

"చూశావా ఆయన్ని? ఉత్తరం ఎప్పుడొస్తుందా అని కాసుక్కూచున్నట్టున్నాడు" అంది కూతురు హారతితో.

"ఆయన రోజూ ఆ టైముకి అక్కడే ఉంటారమ్మా. ముందు కాయితం ఇలా ఇయ్యి" అని హారతి లాక్కుని చదివింది. రామచంద్రపురం కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది హారతి. ఇంట్లో ఇంగ్లీషు కాగితాలన్నీ ఆ పిల్లే చూడాలి.

ద్రాక్షారామం దాటి కాలవగట్టు వెంబడి ఆరు కిలోమీటర్లు పోతే వాళ్ల ఊరు వస్తుంది. ఊరి పడమటి కొసన రాజుల కాలం నాటి చిన్న శివాలయం ఉంది. దాని ముందు పురావస్తు శాఖ వాళ్లు నీలం బోర్డు ఒకటి పాతారు. గుడి ప్రహరీ నుంచి వంద మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదని, ఆ తర్వాత మరో రెండొందల మీటర్ల దాకా అనుమతి తీసుకుని కట్టుకోవచ్చని దాని మీద రాసి ఉంటుంది. ప్రహరీకి ఇవతల ఒక తోట, వీధి, ఆ పైన మాస్టారి మేడ, దాన్ని ఆనుకుని తూర్పున వీళ్ల స్థలం.

పోయినేడు తుఫానుకి వీళ్ల పెంకుటింటి వెనక సగం కూలిపోయింది. ముందు గది, వంటిల్లు మిగిలాయి. రత్నమాణిక్యం జాకెట్లు కుట్టే మిషను, ముగ్గురి పడకలు, బట్టల పెట్టెలు అన్నీ ఆ ఒక్క గదిలోనే. వాన మొదలైతే మిషను మీద టార్పాలిన్ కప్పి కూర్చోవాల్సిందే. మొగుడు బుల్లియ్య కడియం నర్సరీల నుంచి మొక్కల లోడేసుకుని లారీ మీద పోతే, తిరిగి గడప తొక్కేసరికి పది పన్నెండు రోజులు. కాబట్టి ప్లాను గీయించడం, అర్జీ పెట్టడం, ఆఫీసుల చుట్టూ తిరగడం అంతా ఆమే చేసింది.

"తొంభై ఒక్క మీటర్లు అని రాశారమ్మా" అంది హారతి. "వంద లోపు ఉంది కాబట్టి కుదరదంట."

"తొంభై ఒకటేంటే? ప్లాను వేసిన సత్యప్రసాద్ గారు మన గుమ్మంలోనే నిలబడి నూట పది దాకా వస్తుందన్నారు కదా. నూట పది కాస్తా తొంభై ఒకటి ఎలా అయిపోయింది? ఎవరో పనిగట్టుకుని చెబితే అయింది."

ఆ ఎవరో ఎవరన్నది ఆమె అప్పటికే తేల్చేసుకుంది. నెల కిందట సత్యప్రసాద్ చెప్పిన ఏదో కాగితం ఇవ్వడానికి పట్నంలో ఆ శాఖ ఆఫీసుకి వెళ్తే, గేటు పక్కన మాస్టారి పాత స్కూటరు ఆగి ఉంది. ఊరొచ్చాక "పట్నం వెళ్లారేంటి మాస్టారూ?" అని అడిగితే, "అబ్బే, నేనెక్కడికీ వెళ్లలేదమ్మా" అన్నారు. మరో రోజు తెల్లవారుతూనే ముగ్గేద్దామని బయటికొస్తే, ఆయన గుడి ప్రహరీ దగ్గర్నించి పొడుగాటి టేపు పరుచుకుంటూ వస్తున్నారు. ఆమెని చూసి టేపు గబగబా చుట్టేసి, పువ్వులు కోసుకుంటున్నవారిలా తోటలోకి నడిచారు.

ప్లాను గీసిన సత్యప్రసాద్‌కి ఫోను చేసింది. రామచంద్రపురంలో బస్టాండు ఎదుట కంప్యూటరు పెట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీస్తాడతను.

"నేను పంపింది కరెక్టేనండి" అన్నాడు. "మధ్యలో ఎవరో వెళ్లి ఏదో రాసిచ్చినట్టున్నారు. పేరు మాత్రం నన్నడక్కండి. మీ చుట్టుపక్కల వాళ్లని కాస్త కనిపెట్టుకుని ఉండండి."

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"ఏం చేస్తామండీ. అప్పీలంటూ తిరిగినా టైం వేస్టు. పాతింటికే రిపేరు చేయించుకుని సర్దుకోండి."

అంతే, ఆమె మనసు గట్టిపడిపోయింది. ఇరవై ఏళ్లుగా మాస్టారి భార్య మహాలక్ష్మమ్మని వదినా అని పిలిచింది. పొద్దున మజ్జిగ అటునుంచి ఇటొచ్చేది, సాయంత్రం కరివేపాకు ఇటునుంచి అటు పోయేది. ఆ వారం మహాలక్ష్మమ్మ గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని వస్తే, "మాకు ఒంటికి పడట్లేదండి" అని మొహం చూడకుండానే తిప్పి పంపింది. వదినా అన్న పిలుపు పోయి అండి వచ్చేసరికి మహాలక్ష్మమ్మ గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక్కి వెళ్లిపోయింది. బుల్లియ్య వచ్చినప్పుడు కడియం నుంచి నలభై క్రోటన్ మొక్కలు తెప్పించుకుని, రెండిళ్ల మధ్యా వరసగా పాతించింది. దండెం కూడా ఇవతలికి మార్చేసింది.

"మాస్టారు అలాంటోడు కాదే" అన్నాడు బుల్లియ్య.

"నీకేం తెలుస్తుంది? నువ్వు ఊళ్లో ఉంటేగా."

హారతికి మాత్రం ఈ గొడవంతా నచ్చలేదు. "ఎవరు రాశారో మనం ఊహించుకోడం ఎందుకు? సమాచార హక్కు కింద ఫైలు మొత్తం అడుగుదాం. ఆయన ఉత్తరం ఉంటే అందులోనే ఉంటుంది" అని తనే అర్జీ రాసి పోస్టు చేసింది. అప్పీలుకి రెండు నెలల గడువు. గడువు దాటిపోతుందేమోనని రత్నమాణిక్యం రోజూ కేలండరు వంక చూస్తూనే ఉంది. ముప్ఫై నాలుగో రోజున లావుపాటి కవరు వచ్చింది.

మిషను మీద బట్టలన్నీ పక్కకి తోసి, కాగితాలు ఒక్కొక్కటే పరిచారు. వీళ్ల అర్జీ, ఆధారు, పట్టా నకలు, ప్లాను, స్థలం ఫోటో, ఆఫీసు వాళ్ల నోటు. ఫిర్యాదు అన్నది ఎక్కడా లేదు.

"తీసేసి ఉంటారు" అంది రత్నమాణిక్యం. "ఆయన పేరు బయటికి రాకుండా ముందే తీయించేసి ఉంటాడు."

"పేజీల నంబర్లు వరసగానే ఉన్నాయమ్మా." హారతి ప్లాను కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "అమ్మా, మన స్థలానికి తూర్పున ఏముంది?"

"కొబ్బరి తోట. నీకు తెలీదా?"

"ఇక్కడ తూర్పు హద్దు బుల్లియ్య గారి స్థలం అని ఉంది."

రత్నమాణిక్యానికి వెంటనే అర్థం కాలేదు. కూతురి చేత మళ్లీ చదివించుకుంది. వాళ్ల స్థలానికి హద్దుగా వాళ్ల స్థలమే ఎలా ఉంటుంది? బుల్లియ్య స్థలం తూర్పు హద్దుగా ఉన్నది మాస్టారికి. హారతి ఫోటో తీసి వెలుతురులో పెట్టింది. నలుపూ తెలుపూ జిరాక్సు అయినా అందులో ఇనప గేటు, గేటు పక్కన చేతిపంపు కనిపిస్తున్నాయి. చేతిపంపు ఉన్నది మాస్టారింట్లో. వీళ్లకి గేటే లేదు.

"అంటే మాస్టారిల్లు కొలిచి మనకి అంటగట్టారు!" అంది హారతి.

నిజం బయటపడిందన్న తృప్తి రత్నమాణిక్యానికి ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఆ ఫోటో సత్యప్రసాద్ దగ్గరికి ఎలా వెళ్లింది? మాస్టారు ఇస్తేనే కదా. అయితే ఇద్దరూ కలిసే చేశారన్నమాట. ఆ సాయంత్రమే హారతిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

సత్యప్రసాద్ కాగితాలు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"చిన్న మిస్టేకండి" అన్నాడు చివరికి. "పోయినేడు మాస్టారు మేడ మీద గదికి ప్లాను గీయించుకున్నారు. కొలిస్తే తొంభై ఒకటే వచ్చింది, ఇంక అర్జీ పెట్టలేదాయన. పక్కపక్క స్థలాలే కదా అని ఆ ఫైలు మీదే మీ పేరు మార్చాను. హద్దులు, ఫోటో, లొకేషను మార్చడం మర్చిపోయానండి."

"నీకెప్పుడు తెలిసింది?" అంది రత్నమాణిక్యం.

"ఇప్పుడే..."

"ఇప్పుడే తెలిస్తే, ఆవేళ ఎవరో రాసిచ్చారని ఎందుకన్నావు? మా పక్కవాళ్లని కనిపెట్టుకోమని ఎందుకు చెప్పావు?"

అతను కీబోర్డు పక్కకి జరిపి, కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. పక్కన ప్లాను కోసం కూర్చున్న ముసలాయన ఎందుకొచ్చిన గొడవని లేచి బయటికి వెళ్లాడు. రత్నమాణిక్యం కుర్చీలోంచి కదల్లేదు. "జరిగింది జరిగినట్టు కాయితం మీద రాసి సంతకం పెట్టు. అది నా చేతికొచ్చాకే లేస్తాను" అంది. షాపు మూసే వేళకి రాశాడు. మర్నాడే ఆ కాగితం, ఫోటో, హద్దుల నకలు కలిపి పైఆఫీసుకి అప్పీలు పంపారు.

ఆరు నెలలకి స్థలం కొలవడానికి వస్తున్నామని కబురొచ్చింది. ఆ కబురు ఎలా తెలిసిందో, సాయంత్రం మాస్టారు క్రోటన్ మొక్కల మధ్య నుంచి పిలిచారు. ఎనిమిది నెలల తర్వాత ఆయన గొంతు విన్నదామె.

"మాణిక్యం, ఒక్క మాటమ్మా. ఆ కొలతలు ఓ నాలుగు నెలలు వాయిదా వేయించుకోకూడదూ?"

"ఎందుకండి?"

"మేడ మీద గదికి నాకూ నోటీసొచ్చింది. పర్మిషను లేకుండా కట్టానని. టెన్తు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకోడానికి కట్టుకున్నానమ్మా, నీకు తెలుసు కదా. దాని గురించే ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. వంద దాటుతుందేమోనని టేపు పెట్టి నాలుగుసార్లు కొలుచుకున్నాను కూడా. ఇప్పుడు వాళ్లు మిషన్లు పట్టుకుని మా గుమ్మం ముందునించి వెళ్తే నా సంగతి మళ్లీ పైకొస్తుంది."

"పట్నం వెళ్లలేదని నాతో ఎందుకన్నారండి మరి?"

"సిగ్గేసిందమ్మా. నోటీసొచ్చిందని ఊళ్లో ఏ మొహం పెట్టుకుని చెప్పుకోను?"

"మా మీద మీరేం రాయలేదా?"

"నేను రాస్తానా? ఆఫీసు వాళ్లని ఈ వీధిలోకి రప్పిస్తే ముందు పోయేది నా గదే కదమ్మా."

ఆమె ఎనిమిది నెలలు రాత్రీ పగలూ ఆలోచించింది గాని, ఇంత చిన్న సంగతి తట్టలేదు. దాచుకోవాల్సింది ఉన్నవాడు ఆఫీసు వాళ్లని ఎందుకు పిలుచుకుంటాడు? తప్పు తనదేనని ఒప్పుకోవాలని ఉంది. అంతలోనే, ఈ మెత్తదనమంతా వాయిదా కోసమేనేమో అన్న అనుమానపు పురుగు మళ్లీ కదిలింది.

"వాయిదా కుదరదండి" అంది. "రెండో వానాకాలం కూడా టార్పాలిన్ కింద గడపలేను." అని లోపలికి వచ్చేసింది.

మర్నాడు ఉదయభాస్కర్ అనే ఆఫీసరు, ఇద్దరు సర్వేయర్లతో వచ్చాడు. మూడు కాళ్ల మిషను ప్రహరీ దగ్గర పెట్టి, అక్కడినుంచి గురి చూసుకుంటూ తోట మీదుగా, మాస్టారి గుమ్మం మీదుగా ఇటొచ్చారు. మాస్టారు వీధి అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేపరు ఒక్క పేజీ కూడా తిరగలేదు.

"నూట ఎనిమిది" అన్నాడు సర్వేయరు. హారతి తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది.

ఉదయభాస్కర్ పుస్తకంలో రాసుకుని, తలెత్తి పక్కింటి వైపు చూశాడు. రత్నమాణిక్యాన్ని కాస్త పక్కకి పిలిచి, "ఆ పై గది ఎప్పుడు కట్టారమ్మా?" అని అడిగాడు.

అరుగు మీద నుంచి మాస్టారు ఇటే చూస్తున్నారు. మాటలు వినపడేంత దగ్గర కాదు. కట్టేటప్పుడు మేస్త్రీలకి తనే టీ పెట్టిచ్చింది. ఏ నెలలో శ్లాబు పోశారో కూడా తెలుసు. ఈ ఆఫీసరు తనని పరీక్షిస్తున్నాడేమో, అబద్ధమాడితే తన ఫైలు ఆగిపోతుందేమో అన్న భయం కూడా వేసింది.

"నాకు తెలీదండి. నా కొలత వరకు చూడండి" అంది.

అతను ఇంకేం అడగలేదు. నెలన్నరకి పాత ఉత్తర్వు రద్దయింది. ఒక్క అంతస్తు, ఇంత ఎత్తుకి మించకూడదన్న షరతుతో అనుమతి వచ్చింది. బుల్లియ్య ఫోనులోనే గట్టిగా అరిచాడు. హారతి వీధంతా మిఠాయి పంచింది. మాస్టారింట్లో తలుపు తీయలేదు.

తలుపు ఎందుకు తీయలేదో పది రోజులకి తెలిసింది. ఆయన గది తీసేయమని అప్పటికే తుది ఉత్తర్వు వచ్చింది. అందులో "స్థానికంగా విచారించగా ఇది ఇటీవలి కట్టడమని తేలింది" అని ఒక వాక్యం ఉందట. స్థానికంగా విచారించడమంటే ఎవరినో మాస్టారికి వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసరు ఆమెని పక్కకి పిలవడం కళ్లారా చూశారాయన.

రత్నమాణిక్యం ఆ సాయంత్రమే వాళ్ల గుమ్మం ఎక్కింది. "మాస్టారండీ, నేను తెలీదనే చెప్పాను. హారతి మీదొట్టు. మిమ్మల్ని ఇన్నాళ్లూ అనుమానించాను, అది నా తప్పే. కానీ ఇది మాత్రం నేను చెయ్యలేదు."

"అలాగేనమ్మా" అన్నారాయన. గొంతులో కోపం లేదు. నమ్మకమూ లేదు. ఆమె చెప్పులు వేసుకుని వచ్చేసింది. గది కొట్టేవాళ్లు వచ్చిన రోజు మిషను తొక్కబుద్ధి కాలేదు. సుత్తి దెబ్బ పడిన ప్రతిసారీ గుమ్మంలోకి వెళ్లి చూసి వచ్చింది. నాలుగో రోజుకి మాస్టారి ట్యూషను పిల్లలు వీధి అరుగు మీదే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు.

వీళ్ల ఇంటికి పునాదులు పడ్డాయి. కొత్త గోడలకి పూటపూటా నీళ్లు కొట్టాల్సిన ఎండల్లో మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు రెండు రోజులకి గాని రానన్నాడు. బిందెలతో పోద్దామని రత్నమాణిక్యం వీధి కుళాయి దగ్గరికి బయల్దేరుతుంటే, క్రోటన్ మొక్కల మీదుగా నీళ్ల పైపొకటి వచ్చి ఇవతల పడింది. అవతల మహాలక్ష్మమ్మ. మొహం అటు తిప్పుకుని వెళ్లి మోటారు స్విచ్చి వేసింది. పైపు ఒక్కసారి కదిలి, నీళ్లు వచ్చాయి.

రత్నమాణిక్యం ఆ పైపు అందుకుంది. ఎందుకిచ్చినట్టు, ఏ ఉద్దేశంతో ఇచ్చినట్టు అని మనసు అలవాటుగా లెక్క మొదలుపెట్టబోయింది. గోడ పొడిబారి ఉంది. ఆమె పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్లు గోడ మీదికి కొట్టడం మొదలుపెట్టింది.