మొక్కు అత్తది, మెట్లు కోడలివి

మొక్కుకునింది దేవకమ్మ. ఎక్కతా ఉండేది ఆమె కోడలు నిర్మలమ్మ. ఇదేం న్యాయమో ఆ కొండమీద సామే చెప్పాల.

అలిపిరి కాడ మొదలుబెట్టి మెట్టుమెట్టుకూ వొంగి పసుపు పూసేది, కుంకం బొట్టు పెట్టేది, పై మెట్టు ఎక్కేది. వొంగినప్పుడల్లా నిర్మలమ్మకు ఆయాసం. అన్న మునిరత్నం నగరి నుంచి వచ్చినాడు, వెనకాలే ఎక్కతా చెల్లెలి కాళ్ళు సూసినాడు. బూరెల మాదిరి వాచి, వాపులో పట్టీలు దిగబడిపోయినాయి.

"ఈ కాళ్ళేంది అత్తా?" అని వెంట వస్తా ఉండిన దేవకమ్మను అడిగినాడు.

"కొవ్వప్పా! బిడ్డ కడుపులోనే పోయినకాడి నుంచి ఇదే వరస. పండుకునేది, ఏడ్సేది, ఉలకదు పలకదు. మెట్లెక్కితే కొవ్వూ కరుగుతాది, సోంబేరితనమూ పోతాదని నేనే మొక్కినా. ఈ పొద్దు శనివారం, ఒకపొద్దు కూడా."

"మరి సక్కెర జబ్బు మాత్ర?"

"అదెందుకు మరుస్తా? పొద్దున్నే మింగించినా."

మునిరత్నం అరిచినాడు. "వొట్టి కడుపుకు సక్కెర మాత్రనా!" ఆ మాట నోట్లో ఉండంగానే నిర్మలమ్మకు చెమట్లు కారి, చేతులు వణికి, పసుపు గిన్నె జారిపోయి కూలబడింది. మునిరత్నం పక్క అంగట్లో అరటిపండు, బెల్లంముక్క తెచ్చి నోటికి పెడితే దేవకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒకపొద్దు చెడిపోతాదప్పా!"

"చెడిపోనీ! మనిషి పోతా ఉంటే ఒకపొద్దేంది?" అని ఆ చెయ్యి తోసి చెల్లెలికి తినిపించినాడు.

వాళ్ళతోనే వచ్చిన నిర్మలమ్మ మొగుడు జయరామ్ గొణిగినాడు. "మొక్కు సగంలో నిలిపితే ఇంటికి అరిష్టం బావా."

"నీ పెండ్లాం సగంలో నిలిచిపోతే శుభమా? మొక్కుకున్న మీ అమ్మకు కాళ్ళు బాగానే ఉండాయి, ఎక్కమను!"

చెల్లెల్ని దించుకోని తిరుపతిలో ఒక డాక్టరమ్మ కాడికి తీసకపోయినాడు. అంతకుముందు చిత్తూర్లో ఒకాయన గుండె సూసినాడు, ఇంకొకాయన సక్కెర సూసి అన్నం తగ్గించమన్నాడు. ఎందుకు ఏడస్తా ఉండావమ్మా అని అడిగినోడు ఒక్కడన్నా ఉండాడా?

డాక్టరమ్మ అడిగింది. "మనసెట్టుండాదమ్మా?"

"బాగుండాది మేడమ్," అన్నాడు జయరామ్.

"నిన్నడగలేదప్పా."

అప్పుడు నిర్మలమ్మ ఏడ్సింది. డాక్టరమ్మ ఆపలేదు, ఏడవనిచ్చింది. తరవాత చెప్పింది.

"గుండె ఊరికే కొట్టుకునేది కాదు. అదీ రక్తంలోకి హార్మోను అనే ఒక రసం వొదుల్తాది. ఒంట్లో నీళ్ళకూ కొవ్వుకూ ఆ రసంతో పొత్తుండాది. మనసు కుంగితే అది ఎట్ట మారతాదో ఆడోళ్ళలో ఇంకా ఎవరూ సరిగ్గా సూడనే లేదు. కానీ మనసు, గుండె, సక్కెర ఒకదాన్నొకటి లాగతాయి. ఈమె సోంబేరి కాదు, జబ్బు మనిషి. మూడింటికీ మందులు వాడాల."

చిత్తూర్లో ఇంటికి వస్తానే దేవకమ్మ మాత్రలన్నీ మంచం మీద పోసి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరింది. గుండెవి ఈ పక్క, సక్కెరవి ఆ పక్క. మనసువి మాత్రం పిడికిట్లో పట్టుకోని కాలవ కాడికి బయల్దేరింది.

"ఇవి పిచ్చి మాత్రలు. వీధిలో తెలిస్తే తలెత్తుకోలేము."

మునిరత్నం లేచినాడు. అంతలో నిర్మలమ్మే గోడ పట్టుకోని పోయి అత్త ముందర చెయ్యి చాపింది.

"ఇట్టియ్యత్తా."

"పిచ్చిదంటారు మే!"

"అననీ. ఇన్నాళ్ళూ సోంబేరి అనిరి గదా. దానికి మాత్ర కూడా ఇయ్యకపోతిరి."

దేవకమ్మ పిడికిలి వొదల్లేదు. నిర్మలమ్మ ఒక్కో వేలూ విడదీసి మాత్రలు తీసుకునింది. ఒకటి నోట్లో యేసుకోని, చెంబెత్తి నీళ్ళు తాగింది. మిగిలినవన్నీ మూడు రకాలూ కలిపి కొంగున ముడేసుకునింది.

"అన్నా, నగరి బస్సు ఇప్పుడుండాదా?"

"ఉండాది పాపా."

"ఎప్పుడొస్తావు?" అన్నాడు జయరామ్.

"నాకు బాగైనప్పుడు," అనింది నిర్మలమ్మ, చెప్పులు వాపు కాళ్ళకు దూరకపోతే చేతిలో పట్టుకోని.