లూబెక్ గేటు

మా మరిది మధుసూదన్ రియల్ ఎస్టేట్ వాళ్ళ బృందంతో కలిసి జర్మనీ వెళ్లొచ్చాడు. అక్కడ ఏం తిన్నాడో, ఏం చూశాడో గానీ, వచ్చీ రాగానే శామీర్‌పేట దగ్గర మా భూముల్లో వేసిన వెంచర్‌కు ‘లూబెక్ టౌన్’ అని పేరు పెట్టేశాడు. రాజీవ్ రహదారి మీద పోయేవాళ్ళందరికీ కనబడేలా పెద్ద బోర్డు కూడా పెట్టించాడు. ఆ పేరు పలకడానికి మా వాళ్ళలో సగం మందికి నోరు తిరగలేదు.

పేరుతో ఆగినా బాగుండేది. లూబెక్ అనే ఆ పాత నగరానికి ఒక కోట ద్వారం ఉంది. రెండు లావుపాటి ఎర్ర ఇటుక బురుజులు, వాటి నెత్తిన గరాటు బోర్లించినట్టు కప్పులు. దాని ఫోటో తెచ్చి, అలాంటిదే వెంచర్ ముందు కట్టించి, సిమెంటు మీద ఇటుకల రంగు కొట్టించాడు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడమంటే ఇదే అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు. ఎందుకంటే ఆ గేటు ముందు నిలబడి చరిత్ర చెప్పే పని నాకే అప్పగించాడు.

“సోషల్ టీచరువు గద వదినా, రిటైరై ఇంట్ల కూసుంటే ఏమొస్తది? ఆదివారం ఆదివారం ఒచ్చి జెర హిస్టరీ చెప్పు. నువ్వు చెప్తె జనం ఇంటరు” అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు సంబరమే అయింది. మేడ్చల్ బడిలో పిల్లలు ఆవలించకుండా పాఠం చెప్పానన్నది నాకున్న ఒకే ఒక్క గర్వం. దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. చదివేకొద్దీ, ఎన్నడూ చూడని ఆ ఊరి మీద ప్రేమ పుట్టింది. చుట్టూ నీళ్ళు, నడుమ ఊరు. దూరం నుంచి చూస్తే ఏడు చర్చి శిఖరాలు. వందల ఏళ్ళ కిందట సముద్రం అవతల చేపలు ఊరబెట్టడానికి ఉప్పు పంపి బాగుపడిన ఊరది. నది ఒడ్డున ఉప్పు గోదాములు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పెద్ద చర్చి గంటలు కూలి పగిలిపోతే, ఆ ముక్కల్ని పడ్డచోటే వదిలేశారు. జరిగింది మరిచిపోకూడదని. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నెమ్మదిగా, ఒక్కో మాటే చెప్పేదాన్ని. ప్లాట్లు చూడవచ్చినవాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని మరీ వినేవాళ్ళు.

ఈసారి వానలు గట్టిగా కొట్టాయి. గేటుకు కుడి వైపు బురుజు కొంచెం పక్కకు ఒరిగింది.

సరిగ్గా అప్పుడే వినోద ఫోన్ చేసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు కుత్బుల్లాపూర్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తోంది. “టీచర్, ఆదివారం మీకాడికే ఒస్తున్నం. కీసరకాడి చెలక భూమి నాయిన అమ్మిండు. ఇగ జాగ కొని ఇల్లు గట్టుకుంటం. మీరే ఉన్నంక మల్ల ఒకల్ని అడిగేదేముంది?” అంది. ఆ మాటకు పొంగిపోయాను.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అత్తమ్మ విజయమ్మకు అనుమానం వచ్చింది.

“గీ లూబెక్ అంటె ఏందే పద్మా? కప్పల పేరా?”

“జర్మనీల ఊరు, అత్తమ్మా.”

“బెక్‌బెక్ అంటె కప్పలనుకున్న. మంచి పేరే వెట్టిండు తియ్యి. నేను పెండ్లయి ఒచ్చిన కొత్తల గా కుంటల కప్పల లొల్లికి కన్ను మూతవడకపోయేది.”

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. “ఏ కుంట?”

“గదే, మధు గేటు గట్టిన జాగ. తుమ్మలకుంట. వానలు వడ్డయంటె బర్లు ఈదేటియి.”

నేను సిద్దిపేట వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అక్కడ నీళ్ళు లేవు. తుమ్మచెట్లున్న పల్లమనే ఎరుగుదును. బురుజు ఎందుకు ఒరిగిందో ఇప్పుడు అర్థమైంది. ఆ మట్టి మీదే రేపు వినోద ఇల్లు కడుతుంది.

సాయంత్రం మధును నిలదీశాను.

“కుంట గాదు వదినా, పల్లం. మొరం వోసి రోలర్ తోలిచ్చినం. కాయిదాలన్ని సాఫ్ ఉన్నయి.”

“మరి బురుజెందుకు ఒరిగింది?”

పకపకా నవ్వాడు. “నువ్వే చెప్తివి గద, జర్మనీల అసలుది గూడ ఒరిగే ఉన్నదని! మనం గూడ అచ్చం గట్లనే కట్టినమని చెప్పు. జనం మస్తు ఖుష్ అయితరు.”

ఈ తెలివంతా వీడు ఎక్కడ దాచుకున్నాడో! కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. లూబెక్ బురుజు ఒరిగిన మాట నిజమే. నేను చెప్పిన పాఠాన్నే తెచ్చి నా నోట్లో కుక్కుతున్నాడు.

“నేను అబద్ధం చెప్ప” అన్నాను.

“అబద్ధమెవలు చెప్పమన్నరు? హిస్టరీ చెప్పు.” గొంతు తగ్గించాడు. “ఇంట్లోల్లందరి కష్టం గిండ్లనే ఉంది వదినా. జెర సమజ్ చేసుకో.”

అతను చెడ్డవాడు కాదు. అదే నాకు కష్టమైంది.

ఆదివారం వినోద భర్త బాలేష్‌తో వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఇంకో నాలుగు కుటుంబాలు కూడా వచ్చాయి. ఉప్పు గోదాములు చెప్పాను, పగిలిన గంటలు చెప్పాను. ఒకప్పుడు ఆ ఊరివాళ్ళు ద్వారాన్ని పడగొట్టాలనుకుంటే, ఒకే ఒక్క ఓటు తేడాతో అది నిలిచిందని చెప్పాను. అందరూ తలెత్తి మా గేటును చూశారు.

“టీచర్, గా బురుజు గట్లెందుకు ఒంగింది?” అని బాలేష్ అడిగాడు.

“జర్మనీలదైతె బురద నేల మీద కట్టిండ్రు. కడుతుండంగనే బరువుకు దిగవడ్డది” అన్నాను.

“మనది గూడ సేమ్ డిజైన్ అన్నా! వంపు గూడ వదల్లే!” అని మధు అందుకున్నాడు. అందరూ నవ్వారు, ఫోటోలు తీసుకున్నారు. వినోద మాత్రం ఫోన్ తియ్యలేదు, నా ముఖమే చూస్తోంది. బడిలోనూ అంతే. పుస్తకంలో ఏమున్నా, టీచర్ అవునంటేనే ఆ పిల్ల రాసుకునేది.

“డిజైన్ గాదు, వినోదా. ఇది గూడ దిగవడ్డదే. ఈడ కుంట ఉండె. పూడిపిచ్చి ప్లాట్లు చేసిండ్రు” అన్నాను.

మధు నా మీద అరవలేదు. ఆఫీసు మెట్టు మీద కూర్చుండిపోయాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బండ్లు తీశారు. వినోద నాకు దండం పెడుతుందనుకున్నాను. దానికోసం ఎదురుచూశాను కూడా. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మా ఆడబిడ్డ సుస్మిత పోయిన నెల్ల గీడనే కొన్నది, టీచర్. మీరు గా గంటల ముచ్చట చెప్తుంటె ఏడ్చిందట. గసొంటి టీచర్ నిలవడి చెప్తున్న జాగకు ఇంక డోకేముంటదని, ఎవ్వల్నడగకుంట కొన్నది.”

“ఇల్లు మొదలువెట్టిండ్రా?” అని అడిగాను.

“రేపు ముగ్గు వోస్తున్నరు. ఇప్పుడు లోపట్నే ఉన్నది, జాగ సాఫ్ చేస్తున్నది.”

వినోద వెంట వస్తానంది. వద్దన్నాను. గేటు దాటి లోపలికి నడిచాను.

ఒక వీధి చివర, రాళ్ళు పాతిన ప్లాటులో ఒకామె వంగి గడ్డి పీకుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, గబగబా ఎదురొచ్చింది. ముఖమంతా నవ్వే.

“టీచర్, మీరే ఒస్తిరా! రేపు పునాది ముగ్గు మీ చేతులతోనే వోయిద్దామనుకుంటున్న!”

ఆమె చేతులకు తడిమట్టి అంటుకుని ఉంది. ఆ చేతులు పట్టుకుని, చెప్పాను.