ఉప్పు సరిపోయింది

కుడికాలి బొటనవేలు వాచిన రోజు నేను కుట్టుమిషన్ తొక్కలేకపోయాను. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. డాక్టరు రక్తపరీక్ష చేయించి గౌట్ అన్నాడు, ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరిగిందన్నాడు. లివరు, మాంసం, బీరు మానాలి. నీళ్లు బాగా తాగాలి, నడవాలి, బరువు తగ్గాలి. "మూడు నెలలు నోరు కట్టుకో, మళ్లీ చూద్దాం" అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు.

నోరు కట్టుకున్నది మాత్రం మా ఆవిడ. "మీరు తిననిది నాకెందుకు" అని నాతోపాటే అన్నీ మానేసింది. పొద్దున్నే లేచి నా మధ్యాహ్నం డబ్బాకి విడిగా కూర వండేది. మా టైలరు కొట్లోని పాత కొలతల పుస్తకంలో నాకో పేజీ పెట్టి, రోజూ టేపుతో నా పాదం చుట్టుకొలత చూసి రాసేది. పక్కనే ఆ రోజు కూర. కాజాలు కుట్టే చెయ్యి కదా, అక్షరాలు కూడా కుట్టినట్టే వరసగా ఉండేవి.

ఇక నా నిర్వాకం వినండి. కొట్లో రెండో మిషన్ మా బావమరిదిది, అంటే మా ఆవిడ తమ్ముడిది. వాడి డబ్బాలో వారానికి నాలుగు రోజులు లివర్ వేపుడే. మొదటివారం వాసన చూసి ఊరుకున్నాను. రెండోవారం "ఒక్క ముక్క" అన్నాను. మూడోవారానికి ఇద్దరం డబ్బాలే మార్చుకున్నాం. వాడికి అక్క చేతివంటంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. సాయంత్రం షట్టరు దించుతూ నాకు పాఠం చెప్పేవాడు. "ఇవాళ సొరకాయ బావా. ఉప్పు సరిపోయింది, కారం కాస్త తగ్గింది." మా ఆవిడ కూర ఎలా ఉందని అడిగితే నేను అదే అప్పజెప్పేవాణ్ణి.

మూడు నెలల్లో వాడి ప్యాంటు నడుము రెండుసార్లు బిగించాను. నాది వదులు చేసుకున్నాను.

రెండో పరీక్షలో యూరిక్ యాసిడ్ ఇంకా పెరిగింది. డాక్టరు కొలతల పుస్తకం పేజీ పేజీ తిప్పి, "ఇందులో తప్పేం లేదమ్మా" అన్నాడు. మా ఆవిడ తలదించుకుని, "అయితే నా వంటలోనే ఏదో ఉందండీ" అంది. అప్పుడైనా చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఆమె ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టింది. పప్పు తీసేసింది. ఆకుకూరలు తీసేసింది. డాక్టరు వద్దనకపోయినా తీసేసింది, నాకు తీసేసినవన్నీ తనూ మానేసింది. ఒకరోజు తన జాకెట్టు తెచ్చి "కాస్త బిగించి పెట్టండి, జారిపోతోంది" అంది. టేపు పెట్టి చూస్తే రెండంగుళాలు తగ్గింది. నా మీద నాకే అసహ్యం వేసింది. రేపు తప్పకుండా చెప్పేద్దాం అనుకుంటూ కుట్టాను. మర్నాడు వాడి డబ్బాలో మళ్లీ వేపుడు.

మొన్న మధ్యాహ్నం బావమరిది, మా ఆవిడ నాకు కట్టిన డబ్బా సంచిలో వేసుకుని, కుట్టిన యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్లాడు. సాయంత్రమైనా కొట్టుకి రాలేదు. నేనొక్కణ్ణే ఇంటికెళ్లి, డబ్బా కొట్లో మర్చిపోయానన్నాను.

మా ఆవిడ చొక్కాకి గుండీలు కుడుతోంది. "కూర ఎలా ఉంది?" అంది.

"బాగుంది. ఉప్పు సరిపోయింది."

సూది ఆగింది. "ఇవాళ ఉప్పే వెయ్యలేదండీ. అన్నీ మాన్పించాను, ఇక మిగిలింది ఉప్పే కదా అని చూశాను. ఆ చప్పిడి కూర ఎలా తింటారోనని పొద్దున్నుంచీ ఒకటే బాధ."

నేను నోరు తెరిచేలోపే గుమ్మంలో బావమరిది. "బావా, ఇవాళ ఉప్పు..." అంటూ అక్కను చూసి ఆగిపోయాడు. చేతిలో ఆమె డబ్బా.

ఇక దాచడానికేముంది, అంతా చెప్పేశాను. ఆమె లేచి తమ్ముడి చేతిలోంచి డబ్బా తీసుకుని మూత తీసింది. లోపల మెతుకు లేదు.

"ఉప్పు లేకుండా ఎలా తిన్నావురా?"

"నువ్వు వండావు కదక్కా" అన్నాడు వాడు.

మా ఆవిడ కొలతల పుస్తకం, పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇన్ని నెలలుగా ఏం తిన్నారో మీరే రాయండి. డాక్టరుకి చూపిద్దాం. ఇకమీదట మీ నోరు మీరే కట్టుకోండి."

ఆమె రాసిన కూరల పక్కన, తారీఖు తారీఖుకీ నేను రాయడం మొదలుపెట్టాను. లివరు. లివరు. మాంసం. లివరు. ఎదురుగా కూర్చుని మా ఆవిడ, నేను బిగించిన జాకెట్టు కుట్లు విప్పుకుంటోంది.