బదులు మనిషి

మా కొట్టు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: "మనమంతా ఒకే కుటుంబం." జపాన్‌లోని ఒసాకాలో, మా యూనివర్సిటీ గేటుకు ఎదురుగా, వేడి పెనం మీద క్యాబేజీ అట్లు వేసి అమ్మే కొట్టు అది. మూడేళ్లుగా ఆ కుటుంబంలో నేను కూతురినో కోడలినో తెలియదు గానీ, సెలవు అడిగిన రోజున మాత్రం పరాయిదాన్ని.

"శుక్రవారం మధ్యాహ్నం పరీక్షండీ, రాలేను" అని వారం ముందే చెప్పాను మా మేనేజరు హమగుచి గారికి.

"అయ్యో, పరీక్షేగా! చక్కగా రాసుకో చిగుసా" అన్నారాయన ఎంతో ప్రేమగా. "నీ బదులు ఒక మనిషిని చూసిపెట్టు, చాలు."

ఇక్కడ చదువుకుంటూ పనిచేసే పిల్లలందరికీ తెలిసిన మంత్రమే ఇది. జ్వరమొచ్చినా, అక్క పెళ్లయినా, బదులు మనిషిని మనమే వెతకాలి. పని మానేయాలన్నా ఇంకొకరిని నిలబెట్టి మరీ మానేయాలి. చచ్చిపోయే ముందు కూడా షిఫ్టు ఎవరికైనా అప్పజెప్పాలేమో, అడగలేదు.

ఇంతకీ ఆ పరీక్ష ఏమిటనుకున్నారు? కార్మిక చట్టం. నవ్వండి, ఫర్వాలేదు. అది తప్పితే డిగ్రీ రాదు. డిగ్రీ రాకపోతే ఏప్రిల్లో చేరాల్సిన ఉద్యోగం పోతుంది. అది పోతే ఈ కుటుంబంలోనే ముసలిదాన్నయిపోతాను.

కొట్టు గ్రూపులో అందరినీ బతిమాలాను. ర్యోహేకి అదే పరీక్ష. మినోరికి మోకాలి నొప్పి. ఆ సాయంత్రమే మంచు మీద జారుతూ ఫోటో పెట్టింది. మిగతావాళ్లంతా వంగి దండం పెడుతున్న ఎలుగుబంటి బొమ్మ పంపారు. "నీ చావు నువ్వు చావు" అని మర్యాదగా చెప్పడమన్నమాట.

శుక్రవారం వచ్చింది, మనిషి మాత్రం దొరకలేదు. ఒంటిగంటకు పరీక్ష పెట్టుకుని నేను ఏప్రన్ కట్టుకుని అట్లు తిప్పుతున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఉల్లిపాయల మీదికి నెట్టేశాను. అప్పుడు తలుపు తోసుకుని ఇనగాకి మాస్టారు వచ్చారు. మాకు కార్మిక చట్టం చెప్పేది ఆయనే. సంచీలోంచి ప్రశ్నపత్రాల కట్ట తొంగి చూస్తోంది. బదులు మనిషిని వెతకడం యజమాని పని, పనిచేసేవాళ్లది కాదు అని ఏడాది పొడుగునా బల్ల గుద్ది చెప్పిన మనిషి. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన అడిగింది పంది మాంసం అట్టు, పైన మయొనైజు దండిగా. సగం తినేదాకా ఆగి ధైర్యం చేశాను.

"మాస్టారూ, ఇవాళ మీ పరీక్ష నేనూ రాయాలి. బదులు మనిషిని తెస్తేగానీ వదలనంటున్నారు మా మేనేజరు గారు. మీరొక్క మాట చెప్పండి."

హమగుచి గారు గరిటె పట్టుకుని ఇటు తిరిగారు. మాస్టారు నన్ను చూశారు, ఆయన్ని చూశారు, మిగిలిన సగం అట్టునూ చూశారు.

"అది మీ కొట్టు సంగతి కదమ్మా" అన్నారు మూతి తుడుచుకుంటూ. "బయటివాణ్ణి, మధ్యలో నేను దూరితే ఏం బావుంటుంది? పైగా రోజూ తినేది ఇక్కడే." తర్వాత మేనేజరు వైపు తిరిగి, "అట్టు అమోఘం!" అన్నారు.

"అంతా మీ అభిమానం మాస్టారూ" అని మేనేజరు నడుం వంచారు.

మాస్టారు గబగబా తినేసి, తలుపు దగ్గర ఆగారు. "త్వరగా రా అమ్మా. ఇరవై నిమిషాలు దాటితే లోపలికి రానివ్వను. రూలు రూలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎక్కువో, ఈయన మీద ఎక్కువో తేల్చుకునే తీరిక కూడా లేదు. ఏప్రన్ విప్పి హమగుచి గారి మెడలో వేశాను.

"ఏంటిది?"

"మనిషిని చూసిపెట్టానండీ. మీరే."

"ఏయ్ చిగుసా, ఆగు! కిటికీ పక్క బల్ల వాళ్ల అట్టు మాడిపోతోంది!"

"తిప్పండి మరి!"

పరుగెత్తి మాస్టారి వెనకే పరీక్ష హాల్లో దూరాను, ఒళ్లంతా సాసు వాసనతో. మొదటి ప్రశ్న: బదులు మనిషిని తేలేదని సెలవు ఇవ్వకపోవడం చెల్లుతుందా? ఉదాహరణతో చర్చించండి.

చట్టం ఏమంటుందో ఆయన చెప్పినట్టే పొల్లుపోకుండా రాశాను. ఉదాహరణ మాత్రం నా సొంతం. ఒక విద్యార్థిని, ఒక అట్ల కొట్టు, అక్కడ తింటున్న ఒక చట్టం మాస్టారు, ఆయన అన్న మాటలు. చివర ఇలా ముగించాను: "కాబట్టి చట్టం ఉంది. అయితే భోజనం వేళ అది పనిచేయదు."

ఆ రాత్రే హమగుచి గారు ఫోన్లో సందేశం పెట్టారు: "మానేస్తే మానెయ్, నీ చోట్లోకి మనిషిని చూసిపెట్టి మానెయ్." నేను ఎలుగుబంటి బొమ్మ పంపాను.

తర్వాతి వారం జవాబుపత్రం చేతికొచ్చింది. బొటాబొటిగా పాసు. ఉద్యోగం దక్కింది. అంచున మాస్టారు ఎర్ర సిరాతో, ముచ్చటైన దస్తూరీతో రాశారు: "వాదన బాగుంది. ఉదాహరణ మాత్రం నమ్మేటట్టు లేదు. ఇకముందు నిజ జీవితం నుంచి తీసుకోండి."