కూతకు వచ్చినవాడు, కాలు పట్టినవాడు

ఈ చుక్కలు నావి కావు, పేపరువాళ్ళవి, ఇరవై ఏళ్ళ పైమాటే, ఏదో జిల్లా ఎడిషన్లో నల్ల ఇంకుతో పొడిచిన చుక్కలు, వాటి మీద నా చుక్కలు తెచ్చి పరిస్తే రెండూ పోట్లాడుకోక ఏం చేస్తాయి, అందుకే బొమ్మంతా గళ్ళ లుంగీ కప్పినట్టు చారలు తేలాయి, గయాజ్ భాయ్ అది చూసి స్కానర్ ఖరాబైంది రమీజా అన్నాడు, షాపు ఆయనదే అయినా స్కానర్ సంగతి ఆయనకేం తెలుసు, దానికే రోగమూ లేదు, నంద్యాలలో పెళ్ళికార్డుల ప్రెస్సులో అచ్చుకి ఫిల్ములు తీసినదాన్ని నేను, పాత పేపర్లోంచి తాతల ఫోటోలు ఎత్తి దినాల కార్డులు వేయించుకోవడానికి ఎంతమంది వచ్చేవాళ్ళని, ఈ చారలు నాకు కొత్తా, ముందు పేపరు చుక్కల్ని కరిగించాలి, బొమ్మని కొంచెం మసక చేయాలి, ఎక్కువైతే కన్నూ ముక్కూ కలిసిపోతాయి, తక్కువైతే చారలు మళ్ళీ లేస్తాయి, ఆ మధ్య జాగా ఎక్కడుందో నా కంటికి తెలుసు, ఆ తర్వాత నా చుక్కలు, అవి కూడా నిటారుగా కాదు, కొంచెం ఏటవాలుగా, చుక్క పెద్దదైతే వెలుగు, చిన్నదైతే నీడ, చుక్కే లేకపోతే ఉత్త బట్ట, నేవీ బ్లూ టీషర్టు మీద తెల్ల ఇంకు ఒక్కటే, మిగిలిన రంగులన్నీ చూసేవాళ్ళ కన్నే కలుపుకుంటుంది, హాఫ్‌టోన్ అంటే ఇంతే, దీనికింత భయమెందుకో గయాజ్ భాయ్‌కి, మధ్యాహ్నం నమాజు లోపల ఫిల్మ్ ఇవ్వాలి, ఇస్తాను, అచ్చు వేసే స్క్రీన్‌కి మందు పూసి చీకటి గదిలో ఆరబెట్టే ఉంది, రేపు శుక్రవారం సాయంత్రం మెసయీద్‌లో, ఈ ఎడారి దేశపు కంపెనీల ఊళ్ళో, కబడ్డీ, ఏడుగురు ఆడేవాళ్ళు, మిగిలినవాళ్ళు అరిచేవాళ్ళు, అందరి ఎదల మీదా మల్లన్న.

మల్లన్న, అవును, మొన్న శనివారం గజేందర్ వెంట వచ్చాడు, గజేందర్ జట్టు కెప్టెన్, జగిత్యాల పిల్లవాడు, ఫెర్టిలైజర్ కంపెనీలో పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పని, కూలీల క్యాంపులో మకాం, నోరు తెరిస్తే ఆగడు, మల్లన్న అదే కంపెనీలో పైపుల మేస్త్రి, యాభై దాటి ఉంటాడు, డ్యూటీ అయ్యాక ఈ పిల్లలకి ఆట నేర్పేది ఆయనే, వచ్చిన వచ్చినట్టే ఏసీ కిందికి పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోండన్నా అంటే ఉండనియ్యమ్మా అన్నాడు, బొమ్మ మీద బతికేదాన్ని కాబట్టి మనిషి ఎదురుపడితే ముందు వెలుగూ నీడా చూస్తాను, ట్యూబులైటు వెలుగు ఆయన కుడి చెవి మీద పడింది, చెవి పైఅంచు కవరు మూత మడిచినట్టు లోపలికి మడతపడి ఉంది, పుట్టుకతోనే అయి ఉండాలి, అట్లాంటి మడత తర్వాత రాదు, గజేందర్ లామినేషన్ చేసిన పేపరు ముక్క నా బల్ల మీద పెట్టాడు, అక్కా, గిది మా మల్లన్న, జిల్లా పోటీలల్ల ఆడిండు, పేపర్ల పడ్డది, క్యాంప్‌ల అందరికి తెలుసు, గీ ముంగట ఎగిరెటోన్ని పెద్దగ ఎయ్యి, ఎదనిండ రావాలె, అన్నాడు, బొమ్మలో ఒక కుర్రవాడు నేలకి అడుగు పైన గాలిలో ఉన్నాడు, గీత అందుకోవడానికి చెయ్యి బార్లా చాపి, నోరు తెరిచి, కూత ఇంకా నోట్లోనే ఉన్నట్టు, కింద పేరు లేదు, జిల్లా స్థాయి కబడ్డీ పోటీల్లో ఒక దృశ్యం అని ఉంది అంతే, ఏసీ కింద నుంచి మల్లన్న, పాతదమ్మా, కనవడ్తదా, గా ముంగట ఉన్నోడు, అని ఏదో మొదలుపెట్టాడు, నువ్వూకో అన్నా, నీకు సిగ్గెక్కువ, అని గజేందర్ నవ్వేశాడు, నేనూ నవ్వాను, మోకాలి దాకా కత్తిరించిన నమూనా చేసి పంపితే గంటలో ఓకే అన్నారు.

ఆ నమూనా చిన్నది కాబట్టి సరిపోయింది, ఎదనిండా పెద్దది చేస్తే చారలు, గయాజ్ భాయ్ ఊరుకోలేక ఫోన్లో ఏదో యాప్‌లో వేసి తెచ్చాడు, చూడు రమీజా, ఎంత సాఫ్‌గా వచ్చిందో, నిజమే, నున్నగా వచ్చింది, ముక్కు సూదిగా, పళ్ళు వరసగా, పౌడరు కొట్టిన పెళ్ళికొడుకులా, ఎవరు భాయ్ ఈయన అని అడిగితే మల్లన్నే కదా అన్నాడు, కాదు, లేని ముక్కు తెచ్చి పెట్టింది అది, నాకొద్దు, నేను మొత్తం పేపరు ముక్కని మొదటి నుంచి మళ్ళీ స్కాన్ చేశాను, స్కానర్ అద్దం అంచుకి ఆనించకుండా కొంచెం వాల్చి, కత్తిరించడం ఆఖర్న చూసుకోవచ్చని, ఇదిగో, మసక పెంచుతున్నాను, చారలు పలచబడుతున్నాయి, ఇంకొంచెం, పోయాయి, ఇప్పుడు చిన్నది చేసి వెలుగు పెంచితే, ఎగిరేవాడి చెయ్యి, మెడ నరాలు, కింద దుమ్ము, దుమ్ములో ఇన్నాళ్ళూ నల్లమచ్చ అనుకున్నది మచ్చ కాదు, మనిషి, బోర్లా పడి ఉన్నాడు, రెండు చేతులూ ముందుకి చాచి ఎగిరేవాడి మడమ పట్టుకున్నాడు, అందుకే కదా వాడు ఆ వాలులో ఉన్నాడు, ఎగరడం కాదు అది, పడబోవడం, నీడని ఇంకాస్త విప్పాను, కింద ఉన్నవాడి మొహం తేలింది, పళ్ళు బిగబట్టి ఉన్నాడు, కుడి చెవి పైఅంచు లోపలికి మడతపడి ఉంది.

పైకి పోయి ఎగిరేవాడి చెవి చూశాను, గుండ్రంగా, నిండుగా, ఏ మడతా లేదు, తిరగేసి స్కాన్ చేశానేమో, ఎడమ కుడి అయిందేమో, లేదు, బనీను మీద అంకె సరిగ్గానే ఉంది, దుమ్ముని చూసి చెవి అనుకుంటున్నానేమో, రెండోసారి మొదటి నుంచి చేశాను, మసక తగ్గించి ఒకసారి, పెంచి ఒకసారి, మడత ఎక్కడికీ పోలేదు, పొరపాటు పడే కన్ను కాదు నాది, నేను తీయబోయే ఫిల్మ్‌లో ఉన్నవాడు మల్లన్న కాడు, మల్లన్న చేతికి చిక్కినవాడు, రేపు ఇంతమంది ఎదల మీద ఎవరో అవతలి జట్టువాణ్ణి మోసుకుని మల్లన్న జిందాబాద్ అని అరుస్తారు, ఆయన కూడా అదే వేసుకుని గీత బయట నిలబడతాడు, గయాజ్ భాయ్‌ని పిలిచి చూపించాను, ఆయన తెరలోకి వంగి చూశాడు, చెవి చూశాడు, గడియారం చూశాడు, అరే, కస్టమర్ ఓకే చెప్పిండు కదా, ఖలాస్, వాళ్ళ ఫోటో, వాళ్ళ మనిషి, మనకెందుకు, ఫిల్మ్ తీసెయ్, యల్లా, కానియ్, అన్నాడు, తీయను భాయ్, తప్పని తెలిసినాక నా చేత్తో తీయను, అన్నాను, మార్చినాక వాళ్ళు తీసుకోకపోతే, అన్నాడు, తీసుకుంటారు, అన్నాను, ఆయన చేతులు రెండూ పైకెత్తి, నమాజు దాకే టైము, అని వెళ్ళిపోయాడు.

గజేందర్‌కి ఫోను చేయాలా, ముందు మల్లన్నకి చేయాలా, గజేందర్‌కి చేస్తే క్యాంపంతా గోల, పెద్దమనిషి పదిమందిలో తల దించుకోవాల్సి వస్తే, వద్దు, మల్లన్నకే, ఆర్డరు కాగితం మీద ఆయన నంబరు ఉంది, మోగింది, మోగింది, వెనక గ్రైండరు చప్పుడుతో ఎత్తాడు, ఎవలు అన్నాడు, అన్నా, నేను రమీజాను, టీషర్టుల షాపు, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు, ఆ పేపరు ఫోటోలో ఎగురుతుండేది మీరు కాదు కదా, అన్నాను, గ్రైండరు చప్పుడు దూరమైంది, ఎక్కడికో పక్కకి నడిచినట్టున్నాడు, కాదు బిడ్డా, అన్నాడు, కింద కాలు పట్టింది మీరే కదన్నా, మీ చెవి కనపడతాంది, అన్నాను, కనవడ్తుందా, అన్నాడు, ఆ ఒక్క మాటకే నా కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో, బాగా కనపడతాంది అన్నా, పళ్ళు బిగబట్టి ఉండారు, అన్నాను, బిగవట్టాలె బిడ్డా, వాడు గీత మీద పడ్తె అయిపాయె మా పని, ఆఖరి కూత అది, నిర్మల్ దిక్కు పిలగాడు, జింక లెక్క ఉరుకుతడు, ఒక్క మడమ దొరికింది నాకు, ఇడిస్తే చచ్చినట్టే, ఇడువలే, గెలిచినం, లేసినంక వాడే నాకు చెయ్యిచ్చి లేపిండు, ఈ ముక్కలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు, ఆయనే కూతకు వచ్చినట్టు, మరి వీళ్ళకెందుకు చెప్పలేదన్నా అని అడిగితే, చెప్పకేంది, ఫోటో బైటికి తీసిన కాడల్లా ఏలు పెట్టి ఇగో నేను అంటనే ఉన్న, వాళ్ళ కండ్లు ఎగిరెటోని మీదికే పోతయి, అబ్బ మల్లన్న ఎట్ల ఎగిరినవే అంటరు, ఒకసారి గాదు రెండుసార్లు గాదు, ఇగ ఎన్నిసార్లు గుంజాలె బిడ్డా, పోనీ అనుకున్న, ఉండనియ్యి, పోరగాండ్లు సంబురంల ఉన్నరు.

ఉండనియ్యను అన్నా, అన్నాను, మీరు సరే అంటే కింద ఉన్న మిమ్మల్నే పెద్దగా చేసి గజేందర్‌కి పంపుతా, అడిగితే నేనే చెబుతా, మీరు ఊ అనండి చాలు, అటు ఎవరో మల్లన్నా అని కేకేశారు, వస్తున్నా అని అరిచాడు, తర్వాత నెమ్మదిగా, ఊ, అన్నాడు, ఇక నా చేతులు నిలవలేదు, పై సగం కోసేశాను, ఎగిరేవాడి పిక్క దాకా ఉంచి, మడమ, మడమ చుట్టూ పది వేళ్ళు, ఆ వేళ్ళ వెనక మొహం, నీడలో ఉన్న మొహం కాబట్టి వెలుగు తక్కువ, బలవంతంగా తెల్లగా చేస్తే పిండిబొమ్మ అవుతుంది, నీలిబట్టని అట్లాగే వదిలి చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, చెవి మడత మీద మాత్రమే చుక్క పెంచాను, బట్ట మీద ఇంకు పాకి ప్రతి చుక్కా కొంచెం ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కూడా జాగా వదిలాను, పంపాను, గజేందర్ వెంటనే ఫోను చేశాడు, ఏందక్కా ఇది, మేము ఓకే చెప్పింది ఇది గాదు గదా, మల్లన్న తల ఏది, కాళ్ళు పెట్టినవ్, అని ఎగిరాడు, గజేందర్, ఆ చెవి చూడు, అన్నాను, చూస్తున్నాడు, ఊపిరి వినిపిస్తోంది, అక్కా, గీయన, అని ఆగాడు, ముసలాయన మాకు చెప్పలే, అన్నాడు, చెప్పినాడంట, మీరే ఇనలేదు, ఎగిరేటోడు అవతలి జట్టు, అన్నాను, పెద్దగా నవ్వాడు, నవ్వి, అక్కా, నేను గూడ మూలకుండి కాలు వట్టెటోన్నే, గట్ల వట్టుడు ఆయననే నేర్పిండు నాకు, ఇదే ఎయ్యి, అన్నాడు, మరి ఈ కాలెవరిదని అడుగుతరు గదా అంటే, అడగనీ, ఆయన చెబుతాడు, అన్నాను.

మొదటి టీషర్టు వేడి మీద ఆరి వచ్చింది, గయాజ్ భాయ్ దాన్ని రెండు భుజాలూ పట్టుకుని దూరంగా ఎత్తిపెట్టాడు, దగ్గర నుంచి చూస్తే తెల్ల చుక్కలే, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే పది వేళ్ళూ బిగుసుకున్నాయి, మొహం తేలింది, మాషాల్లా, అన్నాడు ఆయన, నేను మాత్రం క్యాంపు గదిలో, మంచం అంచున కూర్చుని ఆ పేపరు ముక్క తీస్తున్న మల్లన్నని మనసులో చూస్తున్నాను, చుట్టూ నలుగురు పిల్లలు, ఆయన వేలు బొమ్మ కింది మూలకి వెళ్ళి నీడలో ఆగుతుంది, ఇగో నేను అంటాడు, నలుగురూ పైన వెలుగులో ఉన్నవాణ్ణి చూస్తారు, ఆయన దాచింది ఏమీ లేదు, కోతలు కోసిందీ లేదు, అన్నేళ్ళుగా నిజమే చెబుతున్నాడు, చూసినవాళ్ళలో ఒక్కరూ వేలు ఎక్కడ ఆగిందో చూడలేదు.