బెత్తెడు గడి

పొద్దున్నే బొంత ఎండలో వేయడం, మధ్యాహ్నం తిరగెయ్యడం, సాయంత్రం మడిచి పెట్టెమీద పెట్టడం. ఆ ఇంట్లో కోడలి పనుల్లో అదొకటి. జూలూరుపాడు దాటాక రోడ్డు పక్కనున్న ఆ ఊళ్లో ఇంటికో బొంత ఉంది. ఇంటికొచ్చిన ప్రతి కోడలికీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బట్టల్తో అత్త ఒక గడి కుట్టి అందులో కలుపుతుంది. ఆ గడి ఎంతుంటే కోడలు అంతదూరం పోగలదు. జానెడు గడి ఉన్న ఆడమనిషి ఇటు ఖమ్మం, అటు భద్రాచలం దాకా తిరిగొస్తుంది.

ఆ కోడలు పుష్పలతది నాలుగు వేళ్ల బెత్తెడు గడి. ఊరి చివర రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దాకా వస్తుంది. అక్కడ కాళ్లు వాటంతటవే ఇంటివైపు తిరుగుతాయి. కాన్పుకు తీసుకుపోతుంటే నూటెనిమిది బండి కూడా మోరీ మీద మొరాయించింది. కూతురు సరిత ఆ బండిలోనే పుట్టింది. డ్రైవరు తన పుస్తకంలో ‘బొంత చిన్నది’ అని రాసుకుని బండి వెనక్కి తిప్పాడు. ఆడవాళ్లకు సున్నా టికెట్టుతో బస్సు ఉచితమైనప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా గుళ్లూ సంతలూ తిరిగొచ్చారు. పుష్పలత మోరీ గట్టుమీద కూర్చుని బస్సులు చూసింది. ఏడుపొచ్చిన రోజులు మొదట్లో ఉండేవి. తర్వాత అవీ పోయాయి, అందుకే ఎక్కువ భయం వేసేది.

ఇప్పుడు సరితకు భద్రాచలంలో గురుకులం సీటొచ్చింది. అయిదో తరగతి. గురువారం లోపల తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తండ్రి పేరు శ్రీశైలం, బొగ్గు లారీ మీద ఛత్తీస్‌గఢ్ పోయాడు, ఇంకో పదిహేను రోజులకు గానీ రాడు. ఫోన్లో అతను నిదానంగానే మాట్లాడాడు.

“నువ్వైతే పోలేవు. నేనేమో రాలేను. ఈడ బడి లేదా ఏంది? ఇడిసిపెట్టు.”

తప్పేమీ అనలేదు పాపం, ఉన్నమాటే అన్నాడు. ఆ ఉన్నమాటకే పుష్పలతకు ఒళ్లు మండింది. తన కాళ్లకు పడ్డ మోరీ ఇప్పుడు పిల్లకూ పడుతోంది. ఫోను పెట్టేసి కత్తెర తీసుకుంది.

ఇంటి బొంతకు కోడలు కత్తెర పెట్టకూడదు. మంచంమీద చిక్కుళ్లు ఈనెలు తీస్తున్న అత్త వెంకమ్మ చూసింది. ఏదో అంటుందని పుష్పలత ఆగింది కూడా. వెంకమ్మ తల వంచుకుని ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది.

బెత్తెడు గడి మిగతావాటి సరసన ఇమడాలని దాని చుట్టూ చనిపోయిన మామ లుంగీ పట్టీలు వేసి ఉన్నాయి. ఆ బట్ట పుష్పలతది కాదు కాబట్టి ఆమెకు పనికిరాదు. వాటిని కుట్టు విప్పి తీసేసింది. పుట్టింటి బట్టల్లో చివరికి మిగిలిన లంగా ముక్కను, గడి అంచును కొలతగా పెట్టుకుని, ఒకే పొడుగున నాలుగు పట్టీలు కత్తిరించింది. నాలుగు వైపులా నాలుగూ కుట్టింది. లంగా అంతటితో అయిపోయింది.

మంగళవారం మోరీ దాటింది. కాళ్లు తిరగలేదు. రోడ్డుమీద అంతమందిలో నవ్వేసింది. దారి సరిచూసుకుందామని బస్సెక్కింది. కొత్తగూడెంలో దిగి భద్రాచలం బస్సెక్కింది. పాల్వంచ దాటి బస్సు ఈశాన్యానికి మళ్లిందో లేదో, పుష్పలత బస్సులో లేదు, మళ్లీ మోరీ మీద నిలబడి ఉంది, చేతిలో సున్నా టికెట్టుతో, ముఖం ఇంటివైపు పెట్టి.

బుధవారం పొద్దున బొంత ముందు చతికిలబడి ఉన్న కోడలి పక్కకు వచ్చి కూర్చుంది వెంకమ్మ. గడి మూలల్లో నాలుగు ఖాళీలు చూపించింది.

“మూలలు ఇడిసిపెట్టినవ్ పిల్లా. రెండు పక్కల కుట్టినంక గడి వెడల్పైతది గద. మీదిది, కిందిది పొడుగ్గ కొయ్యాలె. నువ్వు నాలుగు ఒక్కతీరు కోసినవ్. అందుకే బస్సు ఈశాన్యం మూలకు మళ్లంగనే ఎనక్కొచ్చినవ్.”

“బట్ట అయిపోయింది అత్తమ్మా.”

వెంకమ్మ బొంతను తన ఒళ్లోకి లాక్కుంది. తర్వాత ఆ పదహారు ముక్కల గడిమీద వేలు పెట్టింది.

“నీయి నాలుగు రకాల బట్టలు రావాలని వరుసకు నాలుగు ముక్కలేసిన. పాతబట్ట, పీచు పోతదని ముక్కకు రెండు వేళ్లంత మడతకు పోయింది. అది లెక్కెయ్యలే. జానెడు కోసిన, బెత్తెడైంది. తప్పు నాదే.”

పన్నెండేళ్లు. పుష్పలత లోపల ఆ మాటే మోగింది. తన రాత అనుకుంది, పుట్టింటివాళ్లు తక్కువ బట్టలు పెట్టారనుకుంది. తీరా చూస్తే మడతకు పోయిన రెండు వేళ్లు.

“మరి ఎందుకు చెప్పలే?”

“చెప్తే సరిజేసుకుంటవ్. సరిజేసుకుంటే పోతవ్. మీ మామ పోయినంక ఈ ఇంట్ల నాకెవరున్నరు?”

పుష్పలతకు అత్తను కొట్టాలనిపించింది. ఆ మాట దాచుకోవడం దేనికి, నిజంగానే అనిపించింది. వెంకమ్మ లేచి పెట్టె తెరిచి అడుగునుంచి చిన్న గౌను తీసుకొచ్చింది. పుష్పలత పుట్టింటి ఓణీ కోసి సరితకు కుట్టిన మొదటి గౌను. ఎప్పుడో చిరిగిపోయిందని చెప్పి వెంకమ్మే దాచింది.

“ఇది నీ ఓణీనే. నాలుగు మూలలకు వస్తది. మడతకు ఇడిసి కొయ్యి.”

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం దాకా కుట్టారు. పుష్పలత క్షమించలేదు. సూదిలో దారం ఎక్కక వెంకమ్మ తడుముకుంటుంటే మాత్రం ఎక్కించి ఇచ్చింది.

గురువారం పొద్దున సరిత కొత్త చెప్పులేసుకుని ముందే రోడ్డుమీద నిలబడింది. గడపలో వెంకమ్మ అడిగింది.

“మళ్ల ఎప్పుడొస్తవ్?”

ఆ ఇంట్లో పుష్పలతను ఆ మాట ఎవరూ అడిగి ఉండలేదు. పోయొస్తానని మాత్రం అంది.

పాల్వంచ దాటి బస్సు మళ్లినప్పుడు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు అడవిలోకి పోయింది. పుష్పలత సీట్లోనే ఉంది. గోదావరి వంతెన వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. గురుకులంలో సార్ సరిత పుట్టిన చోటు అడిగితే మోరీ అని చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఆమె తన పేరు మొత్తం రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఒక్కతే మోరీ దగ్గర బస్సు దిగింది. దూరంగా ఇంటి ముందు వెంకమ్మ బొంత మడవకుండా రోడ్డువైపే చూస్తూ నిలబడి ఉంది. అటు పోయే కొత్తగూడెం బస్సు వచ్చి ఎక్కుతావా అన్నట్టు కాసేపు ఆగింది. పన్నెండేళ్లుగా అక్కడ పుష్పలత కాళ్లు వాటంతటవే ఇంటివైపు తిరిగేవి. ఈసారి తిరగలేదు. ఆమె చెప్పేదాకా ఆగాయి.